ఖతార్ గడప దాటిన కంపెనీలు: ముత్యాల కాలం నుంచి బర్వా అల్ బరాహా వరకు

బర్వా అల్ బరాహా దోహా నగరానికి నైరుతి వైపున, పారిశ్రామిక వాడకు చేరువలో ఉన్న కార్మికుల నివాస సముదాయం. 2005లో ఏర్పడిన బర్వా రియల్ ఎస్టేట్ సంస్థ దీన్ని కట్టించింది. ఆ సంస్థలో 45 శాతం వాటా ఖతార్ ప్రభుత్వ సంస్థ అయిన ఖతారీ దియార్‌ది. వరుసలు తీరిన భవనాలు, గదుల్లో మంచాలు, భోజనశాలలు, లారీలు నిలుపుకోవడానికి విశాలమైన ఆవరణ ఇక్కడ ఉన్నాయి. ఇక్కడి గదులను అద్దెకు తీసుకునేవి కుటుంబాలు కావు, కంపెనీలు. కాంట్రాక్టు దక్కించుకున్న కంపెనీ తన మనుషులను విమానంలో దింపి, ఇలాంటి చోట పడక చూపించి, తెల్లవారుజామున బస్సుల్లో పనిచోటికి తీసుకెళ్లాలి. ఆ మనుషుల్లో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్, కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎందరో. ఒక కంపెనీ ఖతార్‌లో అడుగు పెట్టడానికి ఏ నియమాలకు లోబడిందో, ఆ నియమాల ఫలితం చివరకు ఇలాంటి గదుల్లోనే కనబడుతుంది. ఆ నియమాలకు వందేళ్లకు మించిన చరిత్ర ఉంది.

పరదేశపు మార్కెట్లోకి వెళ్లాలనుకునే కంపెనీ ముందున్న దారులు కొన్నే. ఇక్కడి నుంచి సరుకు పంపవచ్చు, అక్కడి ఏజెంటుకు అమ్మకం అప్పగించవచ్చు, తన పేరును, పద్ధతిని రుసుముకు ఇవ్వవచ్చు. స్థానిక భాగస్వామితో కలిసి సంస్థ పెట్టవచ్చు, సొంత శాఖ తెరవవచ్చు, ఉన్న కంపెనీనే కొనేయవచ్చు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన యొహాన్సన్, వాల్నే 1977లో ప్రచురించిన పరిశోధనలో కంపెనీలు ఈ మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కుతాయని చెప్పారు. తెలియని దేశమంటే భయం ఉంటుంది, అనుభవం పెరిగేకొద్దీ పెట్టుబడి పెరుగుతుంది. అదే కాలంలో బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ డన్నింగ్ మూడు ప్రశ్నలు ముందుంచారు: కంపెనీకి సొంతమైన బలం ఏమిటి, ఆ దేశంలో ప్రత్యేకంగా దొరికేదేమిటి, పనిని తన చేతుల్లోనే ఉంచుకోవడం లాభమా, ఇతరులకు అప్పగించడం లాభమా?

ఒకే కంపెనీ రెండు దేశాల్లోకి రెండు దారుల్లో వెళ్లిన ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. డాక్టర్ రెడ్డీస్ రష్యాకు మందులు ఎగుమతి చేస్తూ క్రమంగా అక్కడ పాతుకుంది. జర్మనీకి వచ్చేసరికి 2006లో బీటాఫార్మ్ అనే కంపెనీని 48 కోట్ల యూరోలకు కొనేసింది. కొన్నాళ్లకే జర్మనీ బీమా సంస్థలు మందుల ధరలకు టెండర్లు పిలవడం మొదలుపెట్టాయి, ఆ కొనుగోలు మీద పెట్టుకున్న లెక్కలు తారుమారయ్యాయి. దారి ఎంచుకునేది కంపెనీయే అయినా, ఆ దారిని మార్చే శక్తి అవతలి దేశపు విధానానికి ఉంటుంది. ఖతార్ చరిత్రలో ఈ రెండో అంశానిదే పైచేయి. అక్కడ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: అనుమతి ఎవరి చేతిలో ఉంది?

ఆ ప్రశ్న మీద తొలి గొడవ భారతీయ వర్తకుల విషయంలోనే జరిగింది. 19వ శతాబ్దంలో ఖతార్ బతుకంతా ముత్యాల మీదే. వేసవి నెలల్లో పడవలు సముద్రంలోకి వెళ్లేవి, ఈతగాళ్లు అప్పుల మీద మునిగేవారు, ముత్యాలు బహ్రెయిన్ మీదుగా బొంబాయి చేరేవి. బొంబాయి నుంచి వాటిలో మేలైనవి హైదరాబాద్ జవహరీల చేతికి వచ్చేవి. చార్మినార్ చుట్టుపక్కల బజార్లలో నేటికీ పెద్ద పేరున్న బస్రా ముత్యాలు ఈ గల్ఫ్ జలాల్లోవే. ఈ వ్యాపారానికి పెట్టుబడి సమకూర్చినవారిలో బ్రిటిష్ ఇండియా ప్రజలైన బనియా వర్తకులు ఉన్నారు. దోహాలో వారికి దుకాణాలుండేవి. పాలకుడు షేక్ జాసిం అల్ థానీ వారి పోటీని సహించలేదు. 1882లో వారు దుకాణాలు మూసుకుని దోహా విడిచి వెళ్లక తప్పలేదు. వారి తరఫున బ్రిటిష్ రాజకీయ అధికారులు జోక్యం చేసుకున్నారు.

ఆ జ్ఞాపకం 1916 నాటి ఒప్పందంలోనూ కనిపిస్తుంది. 1916 నవంబరు 3న జాసిం కుమారుడు షేక్ అబ్దుల్లా బ్రిటిష్ వారితో సంధి చేసుకున్నాడు. బ్రిటిష్ వారి సమ్మతి లేకుండా ముత్యాల హక్కులు గానీ ఇతర గుత్తాధికారాలు గానీ ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చాడు. అంటే ఖతార్ మార్కెట్ తలుపు తాళం సగం లండన్ చేతికి పోయింది. కానీ బ్రిటిష్ ప్రజలను వ్యాపారానికి అనుమతించాలి, బ్రిటిష్ ఏజెంటును ఉండనివ్వాలి, తపాలా, తంతి కార్యాలయాలు పెట్టనివ్వాలి అన్న మూడు అంశాల అమలును ఆయన పక్కన పెట్టించుకున్నాడు. సంతకం చేస్తూనే ఆ మేరకు తలుపు మూసే ఉంచాడు. బయటి శక్తితో సంధి ఒక ఎత్తు, బయటి వర్తకుణ్ని బజారులోకి రానివ్వడం మరో ఎత్తు అన్న ఈ విభజన తర్వాతి వందేళ్ల ఖతార్ విధానంలో కొనసాగింది.

1920ల్లో జపాన్ పెంపకపు ముత్యాలు ప్రపంచ మార్కెట్‌ను ముంచెత్తాయి. 1929 తర్వాతి మాంద్యం మిగిలిన గిరాకీని తుడిచేసింది. ఖతార్‌లో ఆకలి పెరిగింది, కుటుంబాలు ఊళ్లు విడిచాయి. పాలకుడికి ఆదాయం లేని ఆ రోజుల్లోనే చమురు కంపెనీలు వచ్చాయి.

ఖతార్‌లోకి ఏ కంపెనీ రావాలన్నది ఖతార్‌లో నిర్ణయం కాలేదు. 1928లో ఇరాక్ చమురు కంపెనీ భాగస్వాములైన బ్రిటిష్, డచ్, ఫ్రెంచ్, అమెరికన్ సంస్థలు 'ఎర్రగీత ఒప్పందం' మీద సంతకాలు చేశాయి. పాత ఒట్టోమన్ సామ్రాజ్య ప్రాంతంలో ఎవరూ విడిగా చమురు హక్కులు సంపాదించరాదన్నది దాని సారం. ఖతార్ ఆ గీత లోపల ఉంది. ఇంకోవైపు కాలిఫోర్నియాకు చెందిన స్టాండర్డ్ ఆయిల్ ఆ గీతకు కట్టుబడని కంపెనీ. 1933లో అది సౌదీ అరేబియాలో హక్కులు సంపాదించింది. ఆ పోటీని చూపించి షేక్ అబ్దుల్లా బేరం పెంచగలిగాడు. 1935 మే 17న ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీకి 75 ఏళ్ల హక్కు ఇచ్చాడు. సంతకానికి 4 లక్షల రూపాయలు, తర్వాత ఏటా కొంత సొమ్ము, టన్నుకు 3 రూపాయల రాయల్టీ అన్నవి షరతులు. లెక్కలు రూపాయల్లోనే ఉండటంలో వింత లేదు. 1966 వరకు ఖతార్‌లో చెలామణి అయినది భారత రూపాయే, చివరి ఏళ్లలో 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా ముద్రించిన రూపాయి. ఆంగ్లో పర్షియన్ కంపెనీ ఆ హక్కును ఎర్రగీత భాగస్వాములందరి తరఫున ఏర్పడిన పెట్రోలియం డెవలప్‌మెంట్ (ఖతార్) అనే సంస్థకు బదిలీ చేసింది.

1938లో దుఖాన్‌లో తవ్వకం మొదలైంది, 1940లో చమురు పడింది, యుద్ధం వచ్చి బావులను మూసేశారు. తొలి ఎగుమతి ఓడ కదిలింది 1949 డిసెంబరు 31న. ఒప్పందంలో ఒక్కో మాట విలువ ఎంతో ఆ వెంటనే తేలింది. 1935 నాటి హక్కు తీరానికి అవతల సముద్రగర్భానికి కూడా వర్తిస్తుందని కంపెనీ వాదించింది. 1950లో మధ్యవర్తి తీర్పు అందుకు ఒప్పుకోలేదు. సముద్రం మరో కంపెనీకి ఇచ్చే వీలు పాలకుడికి దక్కింది, 1952లో షెల్ ఆ దారిన ప్రవేశించింది. ఖతార్ తలరాతను మార్చిన ఉత్తర క్షేత్రపు గ్యాస్ నిల్వను 1971లో కనుగొన్నదీ షెల్లే. అంతకు ఇరవై ఏళ్ల ముందటి ఆ మధ్యవర్తి తీర్పు లేకపోతే ఆ కథ మరోలా నడిచేది.

కంపెనీ వచ్చింది, పనివాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? ఈ ప్రశ్నకు దుఖాన్‌లో దొరికిన జవాబు బర్వా అల్ బరాహా చరిత్రకు నిజమైన మొదలు. కంపెనీ నేరుగా మనుషులను వెతుక్కోలేదు. స్థానిక వ్యాపారులు మధ్యలో నిలిచి కూలీలను, వాహనాలను, సరుకులను సమకూర్చారు. దర్వీష్ కుటుంబం ఆ పనిలో బాగా సంపన్నమైంది. మరో చేదు నిజం కూడా ఉంది. తొలి ఏళ్లలో చమురు పనిలో చేరినవారిలో బానిసలు ఉన్నారు, వారి జీతంలో పెద్ద భాగం యజమానులకు పోయేది. 1952లో ఖతార్ బానిసత్వాన్ని రద్దు చేసింది. కానీ కంపెనీకీ శ్రామికుడికీ నడుమ ఒక స్థానికుడు నిలిచి, శ్రామికుడి ఉనికికి పూచీ పడి, అందులో ఆదాయం పొందే ఏర్పాటు మాత్రం రూపం మార్చుకుని కొనసాగింది. 1963 నాటి విదేశీయుల ప్రవేశ, నివాస చట్టంతో ఆ పూచీదారు స్థానం చట్టబద్ధమైంది. తెలుగు పల్లెల్లో గల్ఫ్‌కు వెళ్లొచ్చిన ఎవరినడిగినా చెప్పే 'కఫీల్' అతనే.

కంపెనీకీ అదే నియమం. ఖతార్ పౌరుడికి 51 శాతం, విదేశీయుడికి 49 శాతానికి మించకుండా అన్న లెక్క దశాబ్దాల పాటు అక్కడి వాణిజ్య చట్టాల్లో నిలిచింది. మనిషి అడుగు పెట్టాలంటే కఫీల్ కావాలి, పెట్టుబడి అడుగు పెట్టాలంటే భాగస్వామి కావాలి. ఈ రెండూ వేర్వేరు చట్టాల్లో ఉన్నా ఒకే ఆలోచన. పౌరుల సంఖ్య తక్కువ, వచ్చేవారి సంఖ్య ఎక్కువ అయిన దేశం తన వాటాను కాపాడుకోవడానికి ఎంచుకున్న పద్ధతి ఇది. దాని వెనుక భయం అర్థం చేసుకోదగినదే. అయితే పెట్టుబడి పెట్టే కంపెనీ భాగస్వామితో బేరమాడగలదు, వకీలును పెట్టుకోగలదు, నచ్చకపోతే దుబాయి వెళ్లగలదు. అప్పు చేసి వీసా కొనుక్కున్న మనిషికి ఆ మూడూ లేవు. ఒకే నియమం ఇద్దరి మీద ఒకే బరువుతో పడలేదు.

స్వాతంత్ర్యం 1971 సెప్టెంబరు 3న వచ్చింది. 1974లో ఖతార్ జనరల్ పెట్రోలియం కార్పొరేషన్ ఏర్పడింది. 1976లో నేల మీది చమురు, 1977లో సముద్రంలోని చమురు పూర్తిగా ప్రభుత్వపరమయ్యాయి. పాత పద్ధతి ముగిసింది, కానీ విదేశీ కంపెనీల అవసరం తీరలేదు. ఉత్తర క్షేత్రపు గ్యాస్‌ను చల్లార్చి ద్రవంగా మార్చి ఓడల్లో పంపే సాంకేతికతా, అంత పెట్టుబడీ ఖతార్‌కు లేవు. 1984లో ఖతార్‌గ్యాస్ ఏర్పడింది. తొలి భాగస్వాముల్లో ఒకటైన బ్రిటిష్ పెట్రోలియం 1992లో తప్పుకుంది, ఆ చోటులోకి అమెరికన్ మొబిల్ వచ్చింది. 1996 చివర జపాన్‌కు తొలి ఓడ బయలుదేరింది. అప్పట్లో ఆ సంస్థలో ప్రభుత్వ వాటా 65 శాతం, మిగతాది ఫ్రెంచ్, అమెరికన్, జపాన్ కంపెనీలది. జపాన్ నుంచి మిత్సుయి, మరుబెని రావడంలో మర్మం ఉంది. కొనే దేశపు వర్తక సంస్థకు ఉత్పత్తిలో వాటా ఇస్తే కొనుగోలు ఖాయమవుతుంది. బ్యాంకులు అప్పు ఇవ్వడానికి ఆ ఖాయమే హామీ.

భారతదేశం మరో రూపంలో వచ్చింది. 1999లో పెట్రోనెట్ ఎల్ఎన్‌జీ ఏటా 75 లక్షల టన్నుల గ్యాస్ కొనడానికి ఖతార్‌లోని మరో గ్యాస్ సంస్థ రాస్‌గ్యాస్‌తో 25 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. 2004లో గుజరాత్‌లోని దహేజ్ రేవుకు గ్యాస్ చేరింది. 2024 ఫిబ్రవరిలో అదే పరిమాణానికి 2028 నుంచి మరో 20 ఏళ్లు పొడిగించుకున్నారు. ఇక్కడ కంపెనీ ఖతార్‌లో నేల తొక్కకుండానే మార్కెట్లో స్థిరపడింది, ఒప్పందం కాగితమే దాని శాఖ.

గ్యాస్ డబ్బు వచ్చాక ఖతార్ ఇతర రంగాల తలుపులు కొలతగా తెరిచింది. 2000లో వచ్చిన 13వ నంబరు చట్టం 49 శాతం పరిమితిని ఉంచుతూనే వ్యవసాయం, పరిశ్రమ, ఆరోగ్యం, విద్య, పర్యాటకం, సహజవనరుల రంగాల్లో మంత్రి అనుమతితో పూర్తి యాజమాన్యానికి వీలిచ్చింది. 2002 నాటి 8వ నంబరు చట్టం విదేశీ సరుకుల ఏజెన్సీలను పౌరుల చేతుల్లో పదిలం చేసింది. కార్లు, యంత్రాలు, గృహోపకరణాలు అమ్మదలచిన కంపెనీకి స్థానిక ఏజెంటే గతి. 2004లో ప్రభుత్వం బినామీ వ్యాపారాలపై చట్టం తెచ్చింది. కాగితం మీద పౌరుడు, లోపల విదేశీయుడు నడిపే దుకాణాలు అప్పటికే అంత విస్తరించాయన్న మాట. పేరు అరువిచ్చినందుకు ఏటా ఇంత అని తీసుకునే ఆ పద్ధతి గల్ఫ్‌లో హోటలో కిరాణా కొట్టో నడిపిన తెలుగువారికి బాగా తెలిసినదే. పెట్టుబడి తమది, హక్కు మరొకరిది. 2005లో ఖతార్ ఫైనాన్షియల్ సెంటర్ మొదలైంది. అందులో నమోదైన సంస్థకు పూర్తి యాజమాన్యం, ఇంగ్లీషు న్యాయ పద్ధతిని అనుసరించే నియమాలు, స్థానిక లాభంపై 10 శాతం పన్ను. బ్యాంకర్లు, సలహా సంస్థలు ఆ దారిన వచ్చారు, కట్టడాల కంపెనీలు రాలేదు.

కట్టడాల కంపెనీల దారి వేరే. 2010 డిసెంబరు 2న 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఖతార్‌కు దక్కింది. స్టేడియాలు, మెట్రో, రోడ్లు, హోటళ్లు గడువులోగా కట్టాలి. ఉప్సాలా పండితులు చెప్పిన మెట్లెక్కే ఓపిక ఎవరికీ లేదు. కంపెనీలు తిన్నగా జాయింట్ వెంచర్లతోనే దిగాయి. లుసైల్ స్టేడియం కట్టింది స్థానిక హెచ్‌బీకే, చైనా రైల్వే కన్‌స్ట్రక్షన్ కలిసి. అల్ తుమామా స్థానిక అల్ జాబర్, టర్కీ టెక్ఫెన్‌లది. అల్ బైత్ ఇటలీ సలీని, చిమొలాయ్‌లతో పాటు గల్ఫార్‌ది. అహ్మద్ బిన్ అలీ స్టేడియాన్ని ఖతార్‌కు చెందిన అల్ బలాగ్‌తో కలిసి లార్సెన్ అండ్ టూబ్రో కట్టింది. 2019 నవంబరులో తెరిచిన దోహా మెట్రో బంగారు మార్గంలోనూ లార్సెన్ అండ్ టూబ్రో పక్కన గ్రీకు, టర్కీ, ఖతార్ కంపెనీలు ఉన్నాయి. 51, 49 లెక్కకు స్పష్టమైన నమూనా క్యూడీవీసీ: 2007లో ఖతారీ దియార్ 51 శాతం, ఫ్రెంచ్ విన్సీ 49 శాతంతో పెట్టిన సంస్థ అది. మెట్రో ఎర్ర మార్గం దక్షిణ భాగంలో దానికి పని దక్కింది.

ఇలాంటి జంటల్లో ఎవరు ఏం తెస్తారన్నది ఆచరణలో తేలిపోయింది. విదేశీ కంపెనీ సాంకేతికతను, గత అనుభవపు పత్రాలను, బ్యాంకు గ్యారంటీని తెస్తుంది. స్థానిక కంపెనీ రిజిస్ట్రేషన్‌ను, అధికారులతో పరిచయాన్ని తెస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది వర్క్ వీసాల కోటా. ఏ దేశం నుంచి ఎందరిని ఏ పనికి తెచ్చుకోవచ్చో ఆ కోటా నిర్ణయిస్తుంది. కోటా చాలకపోతే పనిని సబ్‌కాంట్రాక్టుకు ఇవ్వాలి, ఆ సబ్‌కాంట్రాక్టరు మనుషులను సరఫరా చేసే మ్యాన్‌పవర్ కంపెనీ నుంచి తెచ్చుకోవాలి. పైన ఉన్న కంపెనీ పేరు ప్రపంచానికి తెలుసు. కింద మూడో అంచెలో ఉన్న కంపెనీ పేరు అక్కడ పనిచేసే మనిషికే సరిగ్గా తెలియదు. జీతం ఆగిపోయిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఆ మూడో అంచెలోనే జరగడానికి కారణం ఇదే: పై నుంచి బిల్లు ఆలస్యమైతే దాన్ని భరించే మూలధనం కింది కంపెనీకి ఉండదు.

వసతి సమస్య ఈ దశలోనే బర్వా అల్ బరాహా వంటి సముదాయాలకు దారి తీసింది. అంతకుముందు కంపెనీలు పారిశ్రామిక వాడలోనో, దోహా పాత బస్తీల్లోనో ఇళ్లు అద్దెకు తీసుకుని కార్మికులను కుక్కేవి. 2010లో వచ్చిన 15వ నంబరు చట్టం కుటుంబాలు నివసించే ప్రాంతాల్లో కార్మికుల వసతిని నిషేధించింది. నగరం నుంచి వారిని దూరంగా పంపడమే ఆ చట్టపు ముఖ్య ఫలితం. 2014 నాటి మంత్రిత్వ శాఖ ఉత్తర్వు ఒక్కో మనిషికి కనీసం 6 చదరపు మీటర్ల చోటు, గదికి నలుగురికి మించరాదు అన్న ప్రమాణాలు పెట్టింది. రెండూ కలిసి ఒక కొత్త మార్కెట్‌ను పుట్టించాయి. ప్రమాణాలకు సరిపోయే పడకలను టోకున అద్దెకిచ్చే వ్యాపారం అది. వచ్చే ప్రతి కాంట్రాక్టరుకూ సొంతంగా క్యాంపు కట్టుకునే సమయం, స్థలం లేవు. ప్రభుత్వ వాటా ఉన్న బర్వా వంటి సంస్థ కట్టి ఉంచితే, కంపెనీ టెండరు లెక్కల్లో పడక అద్దెను మరో వరుసగా రాసుకుంటుంది. ఆ రకంగా నివాస సముదాయం కూడా మార్కెట్ ప్రవేశానికి ఒక సదుపాయమైంది, రేవు లాగా, బ్యాంకు లాగా. 2015లో ఇదే ప్రాంతంలో క్రికెట్ మైదానం, దుకాణాలతో లేబర్ సిటీ, ఏషియన్ టౌన్ ప్రారంభమయ్యాయి.

పాత ఇరుకు గదులతో పోలిస్తే ఇవి నిస్సందేహంగా మెరుగు. అయినా ఒకే చోట వేల మందిని ఉంచడం వల్ల వచ్చే ముప్పు 2020 మార్చిలో బయటపడింది. కరోనా సోకినప్పుడు పారిశ్రామిక వాడలోని 1 నుంచి 32 వరకు వీధులను ప్రభుత్వం మూసేసింది. అక్కడి వారికి నెలల తరబడి రాకపోకలు ఆగిపోయాయి. నగరంలో ఇళ్లలో ఉన్న విదేశీ ఉద్యోగులకు ఆ కష్టం అంతగా తగల్లేదు.

తెలుగు జిల్లాల నుంచి ఈ పడకల దాకా వచ్చే దారిలోనూ అంచెలున్నాయి. భారత వలస చట్టం 1983 నాటిది. పదో తరగతి లేని వారి పాస్‌పోర్టుకు వలస తనిఖీ తప్పనిసరి, అనుమతి ఇచ్చేది ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం, హైదరాబాద్‌లో అది ఉంది. కార్మికుల విషయమై భారత, ఖతార్ ప్రభుత్వాలు 1985లో ఒప్పందం చేసుకున్నాయి, 2007లో అదనపు ఒప్పందం కుదిరింది. ఏజెంటు తీసుకోదగిన రుసుముకు 30 వేల రూపాయల పరిమితి, ఆపై పన్ను. ఊళ్లోని సబ్ ఏజెంటు చేతిలో పడేసరికి అది లక్ష దాటడం మామూలు. ఎక్కడైనా పనిచేయవచ్చంటూ 'ఆజాద్ వీసా' పేరుతో అమ్మేది నిజానికి ఎవరో ఒక కఫీల్ పేరు మీద తీసిన వీసాయే, వేరేచోట పనిచేస్తే చట్టవిరుద్ధమే. ప్రభుత్వ నియామక సంస్థలుగా తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఉన్నాయి. వాటి ద్వారా వెళ్లేవారి సంఖ్య ఇంకా పెరగవలసి ఉంది.

వలస కార్మికుల పరిస్థితిపై 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ముందు ఖతార్ మీద ఫిర్యాదు నమోదైంది. 2017 నవంబరులో సహకార ఒప్పందం కుదిరింది, 2018లో ఆ సంస్థ దోహాలో కార్యాలయం తెరిచింది. 2018లో అధిక సంఖ్యాక కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్, అంటే దేశం విడిచి వెళ్లడానికి యజమాని అనుమతి, అవసరం తొలగింది. 2020లో పాత యజమాని అనుమతి పత్రం లేకుండానే ఉద్యోగం మారే వీలొచ్చింది. 2021 మార్చి 20 నుంచి కనీస వేతనం నెలకు 1000 రియాళ్లు. కంపెనీ వసతి ఇవ్వకపోతే మరో 500, భోజనం పెట్టకపోతే మరో 300. ఈ లెక్క బర్వా అల్ బరాహా వంటి చోట్లను కంపెనీల దృష్టిలో ఇంకా ముఖ్యం చేసింది, ఎందుకంటే పడక అద్దెకూ ఆ 500 రియాళ్లకూ మధ్య తేడా కంపెనీ లాభంలో నేరుగా కలుస్తుంది.

ఈ సంస్కరణల వెనుక ప్రపంచకప్ ఒత్తిడి ఒకటే లేదు. 2017 జూన్ 5న సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. భూమార్గం మూసుకుపోయింది, దుబాయిలోని జబల్ అలీ రేవు మీదుగా వచ్చే సరుకు ఆగింది. ఆ సెప్టెంబరులో హమద్ రేవును అధికారికంగా ప్రారంభించారు, ముంద్రా, నవా షేవా రేవులకు తిన్నగా ఓడలు నడిచాయి. దుబాయి నుంచి ఖతార్‌ను చూసుకునే కంపెనీలకు దోహాలోనే ఉండవలసిన అవసరం వచ్చింది. వారిని పిలవడానికి ఖతార్ 2018లో ఫ్రీ జోన్ల సంస్థను పెట్టింది, 2019లో 1వ నంబరు చట్టంతో అధిక రంగాల్లో 100 శాతం విదేశీ యాజమాన్యానికి అనుమతించింది. బ్యాంకులు, బీమాకు మంత్రిమండలి నిర్ణయం కావాలి. వాణిజ్య ఏజెన్సీలు మాత్రం ఇప్పటికీ పౌరులకే. 2021 జనవరిలో అల్ ఉలా ఒప్పందంతో దిగ్బంధం ముగిసింది.

రాజకీయం ఒక్క రోజులో ప్రవేశ పద్ధతిని మార్చగలదన్న సంగతి తెలుగు కంపెనీకి వేరేచోట అనుభవమే. జీఎంఆర్ 2010లో మాల్దీవుల మాలే విమానాశ్రయాన్ని చేపట్టింది. 2012 చివర అక్కడి ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. మధ్యవర్తిత్వంలో జీఎంఆర్‌కు 2016లో 27 కోట్ల డాలర్ల పరిహారం దక్కింది, కానీ విమానాశ్రయం తిరిగి రాలేదు.

ప్రపంచకప్ తర్వాత కట్టడాల జోరు తగ్గింది, ఉత్తర క్షేత్రపు విస్తరణ పని మొదలైంది. 2022లో టోటల్ ఎనర్జీస్, ఎని, కొనొకోఫిలిప్స్, ఎక్సాన్‌మొబిల్, షెల్ దాని తూర్పు భాగంలో చేరాయి. వాటన్నిటికీ కలిపి ఇచ్చింది పావు వాటా మాత్రమే. పెట్టుబడి చట్టంలో 100 శాతం వచ్చినా, అసలు సంపద ఉన్న చోట పాత మెజారిటీ లెక్కే నడుస్తోంది. కార్మికుడి విషయంలో కూడా చట్టం మారినంతగా ఆచరణ మారలేదు. ఉద్యోగం మారదలచిన వ్యక్తి మీద పాత యజమాని 'పారిపోయాడు' అని ఫిర్యాదు పెట్టే అవకాశం ఇంకా ఉంది.

ఖతార్‌కు బయలుదేరే తెలుగు యువకులు, వారి కుటుంబాలు నియామక పత్రం మీద జీతం అంకెతో పాటు మరో మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: వీసా ఏ కంపెనీ పేరున ఉంది, అది అసలు కాంట్రాక్టరా, సబ్‌కాంట్రాక్టరా, మనుషులను సరఫరా చేసే సంస్థా, వసతి ఎక్కడ, దాని ఖర్చు ఎవరిది. ఈ మూడు వివరాలూ ఒప్పంద పత్రంలో రాతపూర్వకంగా ఉండాలని పట్టుబట్టడం వారి హక్కు. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో, దోహాలోని భారత రాయబార కార్యాలయంలో ఆ పత్రాన్ని చూపి వివరాలు అడగవచ్చు.